రాణి ఎవరికీ ఇవ్వలేదు

ఆ రోజు నేను చేసిన తప్పులు రెండు. మొదటిది పదిహేనేళ్ల వయసులో ఎవరైనా చేయగలిగిందే. అజాగ్రత్త అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. రెండోది అలాంటిది కాదు. మొదటి తప్పు బయటపడకూడదని ఏడేళ్ల పిల్ల నోరు మూయించాను. ఆ పిల్ల తండ్రిని పోలీసులు నిలదీస్తుంటే కిటికీ పక్కన నిలబడి చూశాను. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకుందామని ఇన్నేళ్లలో చాలాసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ మొదటి తప్పు దగ్గరే ఆపేశాను.

మొన్న జనగామలో మా ఇంటి వరండాలో కూర్చుని ఉంటే మనవరాలు బడి పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. "తాతా, రేపు బడిల నేను రుద్రమదేవి. అట్టతోని కత్తి గూడ చేసుకున్న. కుర్చీ కోసం కొట్లాట ఎట్లయిందో నువ్వు చెప్పు" అంది. చెబుదామని పుస్తకం తెరిచి, రాణి బొమ్మ దగ్గరే ఆగిపోయాను. "మర్చిపోయినవా?" అని జాలిగా చూసి, పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. మర్చిపోయి ఉంటే బాగుండేది.

అప్పుడు మేము డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా నాయిన గూడ్సు బండి గార్డు. డ్యూటీ ఎక్కాడంటే రెండు మూడు రోజులకు గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. ఆవిరి ఇంజన్ల కాలం అది. మా బతుకంతా బొగ్గుతోనే. ఆరేసిన బట్టల మీద మసి చుక్కలు, తాగే నీళ్లలో మసి వాసన, ముక్కు చీదితే నలుపు. ఎండలు మొదలయ్యేసరికి ఆ వాసనకు మిరపకాయల ఘాటు తోడయ్యేది. గూడ్సు షెడ్డులో మిరప బస్తాలు కప్పు దాకా పేర్చేవారు. గాలి మా వైపు తిరిగిందంటే కాలనీ మొత్తం తుమ్మేది. మా అమ్మ పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పిసుకుతూ ఒక తుమ్ము తుమ్మి, "ఇగ దీంట్ల మిరపకాయ ఎందుకు, గాలే సాలు" అనేది. ఇంజన్లకు నీళ్లు పట్టే ట్యాంకు ఎప్పుడూ కారుతూ ఉండేది. దాని కింద తడి ఇసుకలో పచ్చి మామిడికాయలు పాతిపెట్టి, చల్లబడ్డాక తీసి ఉప్పూ కారం అద్దుకుని తినేవాళ్లం.

ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ కోసం గొడవలై బడులన్నీ మూతపడ్డాయి. మొదట వారం అన్నారు, తర్వాత నెల అన్నారు, ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. హైస్కూలు చివరి ఏడాదిలో ఉన్న నాకు పొద్దస్తమానం ఊరేగింపుల వెంట తిరగడమే పని. చిన్న పిల్లలకు ఆ పనీ లేదు. పట్టాల మీద మేకులు పెట్టి, చక్రాల కింద నలిగి పలచబడ్డాక బండకు నూరి కత్తులు చేసుకునేవాళ్లు. ఒకడి వేలు తెగింది. ఆ సాయంత్రమే కాలనీ ఆడవాళ్లు మా అమ్మ మీదికి వచ్చారు.

"నీ కొడుకు ఆ జెండలు పట్టుకొని ఒర్రుకుంట తిరిగే బదులు, గీ పోరగాండ్లకు రెండక్షరాలు చెప్పరాదా అక్కా?"

అలా నేను సారునయ్యాను. ట్యాంకు నీడలో పది, పదకొండు మంది పిల్లలు కూర్చునేవాళ్లు. ఫైర్‌మన్ గారి కవలలు ముందు వరసలో కూర్చుని ఒకణ్ణొకడు గిల్లుకునేవాళ్లు. పట్టాలకు అవతల ఉన్న తండా నుంచి స్టేషన్లో పనిచేసే టోకెన్ పోర్టరు ఏడేళ్ల కూతురు వచ్చేది. వాళ్లింట్లో లంబాడీ భాష. తెలుగు మా కాలనీలోనే నేర్చుకుంది, అందుకని ఒక్కో మాట ఆచితూచి పలికేది. ఆ తండాలో రైల్వే నౌకరీ దొరికిన మొదటి మనిషి వాళ్ల నాయిన. ఖాకీ చొక్కా గుండీలను బూడిదతో తోమి మెరిపించేవాడు.

లెక్కలు చెబితే పిల్లలు ఆవలించేవాళ్లు. రుద్రమదేవి కథ ఎత్తుకుంటే కదిలేవాళ్లు కాదు. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమను కొడుకులా పెంచి రాజ్యం అప్పగించాడు. ఆడదాని ఏలుబడి ఏమిటని సొంతవాళ్లే, హరిహరుడూ మురారీ, ఎదురు తిరిగి ఓరుగల్లు కోటను ఆక్రమించారనీ, ఆమె సైన్యంతో వచ్చి వాళ్లను అణిచి సింహాసనం దక్కించుకుందనీ చెబుతారు. ఇందులో చరిత్ర ఎంతో, కట్టుకథ ఎంతో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు అప్పుడు అలాంటి అనుమానాలేవీ లేవు. కళ్లారా చూసి వచ్చినవాడిలా చెప్పేవాణ్ణి.

కవలల్లో పెద్దవాడికి మాత్రం ఒక సందేహం తీరలేదు. "ఒక్క కుర్సి కోసం గింత లొల్లేంది సార్? ఇంకోటి చేపిచ్చుకుంటే అయిపోవు గద."

పిల్లలందరూ అవునన్నట్టు తలలూపారు. అప్పుడే బొగ్గు గనుల వైపు పోయే బండి కూత వినబడింది. దాంతో ఒక ఉపాయం తట్టింది.

గనులకు పోయే ఆ బ్రాంచిలో ఒకటే లైను. దాని మీద రెండు బండ్లు ఎదురుపడకుండా ఒక ఏర్పాటు ఉండేది. స్టేషన్ ఆఫీసు యంత్రంలో ఇనుప గుండ్లు ఉండేవి. వెళ్లే బండి డ్రైవరుకు అందులోంచి ఒక గుండు తీసి, తోలు సంచిలో పెట్టి, పెద్ద వలయానికి కట్టి ఇచ్చేవారు. అదే టోకెన్. అది ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్లది. అవతలి స్టేషన్లో దాన్ని మళ్లీ యంత్రంలో వేసేదాకా ఇంకో గుండు బయటికి రాదు, ఇంకో బండి కదలదు. వచ్చిన ఇంజను నుంచి టోకెన్ అందుకొని ఆఫీసుకు చేర్చడమే పోర్టరు పని.

"బ్రాంచి లైన్ల రెండు బండ్లకు రెండు టోకెన్లు ఇస్తే ఏమైతది?" అని అడిగాను.

"గుద్దుకుంటయ్!" అని అందరూ ఒక్కసారి అరిచారు.

"రాజ్యం గూడ గంతే. కుర్సి ఒక్కటే ఉండాలె."

రైల్వే పిల్లలు కదా, మరుక్షణమే అర్థమైపోయింది. ఆటలో రుద్రమ ఎవరన్న ప్రశ్న వచ్చింది. "ఆడివిల్ల రాజేంది సార్?" అని కవలలు మూతి ముడిచారు. పోర్టరు కూతురు లేచి నిలబడి, "మా తండాల మా యాడి నాయకుని మీదనే ఒర్రుతది. ఎవ్వడు ఏమనడు" అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ మాటతో ఆమె రాణి అయింది. కవలలు హరిహరుడు, మురారి అయ్యారు. మోదుగాకులతో కిరీటం కుట్టాను. ఇంజన్ల బూడిద పోసిన దిబ్బ ఓరుగల్లు కోట అయింది.

ఆట పెట్టుకున్న రోజున స్టేషన్ అంతా పోలీసులే. రైళ్లు ఆపుతారన్న మాట ముందు రోజు నుంచే నడుస్తోంది. పొద్దున పది గంటలకు గనుల నుంచి బొగ్గు బండి వచ్చింది. దాని టోకెన్ భుజానికి తగిలించుకుని పోర్టరు మా ముందు నుంచి ఆఫీసుకు పోతున్నాడు. దిబ్బ మీద కిరీటంతో నిలబడ్డ కూతురిని చూసి ఆగాడు.

"ఏంది, మా బిడ్డను గిట్ల చేసిండ్రు?"

"రాణిని చేసినం కాకా. జర ఆ టోకెన్ ఇయ్యి, పోరలకు చూపిస్త. ఒక్క నిమిషం."

"అమ్మో, నౌకరి ఊడుతది."

"ఆఫీసు ముప్పై అడుగులు లేదు. నేనే ఇచ్చొస్త. గార్డు కొడుకును, నాకు తెల్వదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. అంతలో పట్టాలు దాటే రోడ్డు మీది గేటు వైపు నుంచి ఎవరో కేకేశారు. "మంది వచ్చిండ్రు! గేటెయ్యాలె, ఉరికిరా!" పోర్టరు ఆఫీసు వైపు చూశాడు, గేటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. వలయం తీసి నా చేతికిచ్చాడు. "సక్కగ పోయి సార్ చేతికియ్యి బిడ్డా. మా ఇంటి కూడు నీ చేతుల పెట్టి పోతున్న" అని పరుగెత్తాడు.

నేను దాన్ని తీసుకుపోయి రాణి చేతిలో పెట్టాను. పిల్లలంతా నోళ్లు తెరుచుకుని చూశారు. నాకు గొప్పగా అనిపించింది.

"ఇదే సింహాసనం. ఎవరడిగినా ఇయ్యొద్దు. సొంతోళ్లడిగినా ఇయ్యొద్దు. రుద్రమ మీదికి వచ్చింది సొంతోళ్లే."

ఆ పిల్ల కొంచెం ఆలోచించింది. "మా బా అడిగితే?" బా అంటే నాయిన.

"మీ బా అడిగినా ఇయ్యొద్దు" అన్నాను.

గేటు దగ్గర జై తెలంగాణ కేకలు మిన్నంటుతున్నాయి. మా క్లాసు పిల్లలు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. రెండు నిమిషాల్లో వచ్చి టోకెన్ ఆఫీసులో ఇచ్చేద్దామనుకుని వెళ్లాను. అక్కడ నన్నెవరో ఎడ్లబండి మీదికి ఎక్కించారు. నేనొక నినాదం అందిస్తే వందల గొంతులు అందుకున్నాయి. మళ్లీ అరిచాను, మళ్లీ అందుకున్నారు. పోలీసులు లాఠీలతో జనాన్ని వెనక్కి నెట్టేదాకా నాకు టోకెన్ గుర్తు రాలేదని చెప్పుకోవచ్చు. కానీ గుర్తొచ్చింది. రెండుసార్లు గుర్తొచ్చింది. దిగబుద్ధి కాలేదు.

తిరిగి వచ్చేసరికి గంట దాటింది. గనులకు పోయే షటిల్ బండి టోకెన్ లేక ప్లాట్‌ఫారం మీద నిలిచిపోయి ఉంది. జనం దిగి స్టేషన్ మాస్టరు చుట్టూ మూగారు. పోర్టరు పట్టాల వెంట పిచ్చివాడిలా తిరుగుతున్నాడు. ట్యాంకు కింద పిల్లలు లేరు. లాఠీలు చూసి ఇళ్లకు పారిపోయారు. ఇంజన్ల బూడిద దులిపే గోతిలో ఏదో కదిలినట్టయితే వంగి చూశాను.

రాణి అక్కడ కూర్చుని ఉంది. వలయాన్ని బూడిదలో పాతింది. గుండు ఉన్న సంచిని గాగ్రా కింద దాచుకుంది. ముఖమంతా మసి. దాహానికి పెదవులు ఎండిపోయాయి. నన్ను చూడగానే కళ్లు వెలిగాయి.

"ఎవ్వలకు ఇయ్యలే సార్. మా బా పిలిచిండు. శానసేపు పిలిచిండు. గీడనే నిలబడి ఏడ్చిండు. నేను పలకలే."

అప్పటికి నేను చేసింది అజాగ్రత్తే. టోకెన్ తీసుకుని ముప్పై అడుగులు నడిచి, జరిగింది చెబితే సరిపోయేది. నాలుగు దెబ్బలు పడేవి, అంతే. ఆఫీసు గుమ్మంలో ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. ఇందాక బండి మీద నుంచి అరుస్తుంటే నన్ను చూసినవాళ్లే. నా కాళ్లు అటు పోలేదు. బూడిదలోంచి వలయం కూడా తీసి, గూడ్సు షెడ్డు వెనక నుంచి వెళ్లి, టోకెన్‌ను సిగ్నల్ స్తంభం దగ్గరి తంగేడు పొదల్లోకి విసిరేశాను. ఎవరికైనా దొరుకుతుందిలే అనుకున్నాను. తిరిగి వచ్చి ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, "నీ దగ్గర ఉన్నదని ఎవ్వలకు చెప్పొద్దు" అన్నాను.

"మా బాకు గూడ?"

"మీ బాకు గూడ."

సరేనని తలూపింది. సారు చెప్పాడు కదా.

అరగంటలో ఒక పోలీసుకు టోకెన్ దొరికింది. పొదల్లో దొరకడమే కొంప ముంచింది. జారిపడితే పట్టాల పక్కన ఉండాలి గానీ పొదల్లోకి ఎలా పోతుంది? కావాలని విసిరారన్నమాట. రైలు ఆపడానికి పోర్టరు ఉద్యమంవాళ్లతో కలిశాడన్నమాట. కిటికీ పక్కన నిలబడి అంతా విన్నాను. స్టేషన్ మాస్టరు కృష్ణా వైపు మనిషి. భయంతో ఆయన చొక్కా తడిసిపోయింది.

"ఏవయ్యా, నీ చేతికొచ్చిన టోకెను తుప్పల్లోకి నడిచెళ్లిందా? నిజం చెప్పు. నా వల్లయింది నేను చేస్తాను."

ఎస్సై ఆయన్ని పక్కకు తప్పుకోమన్నాడు. "ఎవనికిచ్చినవ్ రా? పేరు చెప్పు, ఇడిసిపెడ్త."

పోర్టరు తలెత్తాడు. కిటికీలో నా ముఖం కనబడింది. ఒక్క క్షణం చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

"ఎవ్వలకియ్యలే సాబ్. నా చేతులకెల్లే పడిపోయింది."

చెంప మీద కొట్టిన చప్పుడు ప్లాట్‌ఫారం దాకా వినబడింది. మధ్యాహ్నం బండిలో ఆయన్ని మానుకోటకు తీసుకుపోయారు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అనేవాళ్లం.

రెండు రోజులు నేను అన్నం ముట్టలేదు. జ్వరమనుకుని మా అమ్మ మిరియాల కషాయం తాగించింది. మూడో రోజు పొద్దున పోర్టరు భార్య కూతురి చెయ్యి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. చేతి నిండా ఉన్న గాజులు చప్పుడు కాకుండా అదిమి పట్టుకుని నిలబడింది.

"బాబూ, నువ్వు సదువుకున్నోనివి. మా ఆయన ఏ తప్పు చెయ్యలేదని పెద్ద సాబుకు ఒక అర్జీ రాసియ్యి. జైల్ల ఏస్తరంటుండ్రు."

కాగితం తీశాను. కలం తీశాను. గౌరవనీయులైన అయ్యగారికి అని రాశాను. పిల్ల తల్లి కొంగు పట్టుకుని నన్నే చూస్తోంది. పెదవులు బిగించి ఉంది. నా భర్త నిర్దోషి అని రాశాను. ఆ పిల్ల అలాగే చూస్తోంది. ఏడవడం లేదు, అడగడం లేదు, నేరం మోపడం లేదు. నేను చెప్పిన మాట నిలబెడుతోంది, అంతే. దోషి ఎవరో రాయకుండా ఆ వాక్యం తర్వాత ఇంకేం రాయాలో తోచలేదు.

అప్పుడే మా నాయిన డ్యూటీ దిగి వచ్చాడు. గార్డు పెట్టె గుమ్మంలో దించి, అందరినీ చూసి, "ఏమైంది?" అన్నాడు. చెప్పాను. బండి ఎక్కి అరిచింది, పొదల్లో విసిరింది, పిల్లను చెప్పొద్దన్నది, అన్నీ చెప్పాను. మా అమ్మ గోడకు చేరగిలబడింది. పోర్టరు భార్యకు సగం అర్థమై, సగం అర్థం కాక కూతురి వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో గట్టిగా అడిగింది. పిల్ల నోరు తెరవలేదు.

నాయిన నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"తిన్నవా?"

"తినలే నాయినా."

"మంచిది. నడువ్."

ఒంటి మీది యూనిఫాం కూడా విప్పకుండా మమ్మల్ని ముగ్గురినీ గూడ్సు బండి చివరి గార్డు డబ్బాలో ఎక్కించి మానుకోటకు తీసుకుపోయాడు.

ఠాణాలో నేను చెప్పింది విని ఎస్సై నవ్వాడు. "గార్డు సాబ్, మీ పోరడు లీడరయ్యేటట్టున్నడు. దోస్తులను కాపాడెటందుకు కథలల్లుతుండు. కాకతీయులట, రాణి అట!" వాళ్లకు కావలసింది ఉద్యమకారుల పేర్లు. నా మాట ఎవరికి కావాలి? కటకటాల వెనక నుంచి పోర్టరు, "పిలగాన్ని ఏమనకుండ్రి సాబ్, నేనే పడగొట్టిన" అంటున్నాడు. ఆయన కింది పెదవి వాచి ఉంది.

ఎస్సై ఆ పిల్లను ముందుకు పిలిచాడు. "టోకెన్ నీ దగ్గర ఉండెనా?"

పలకలేదు.

"చెప్పకపోతే మీ నాయినను ఇడువం."

తండ్రిని చూసింది. అయినా పలకలేదు. తల్లి ఏడుస్తూ బతిమాలింది. మా నాయిన బతిమాలాడు. ఆ పిల్ల మెల్లగా నా వైపు తిరిగింది.

"సార్, ఇగ చెప్పొచ్చునా?"

ఎస్సై చేతిలోని కలం బల్ల మీద పెట్టేశాడు. ఇంకే సాక్ష్యమూ అవసరం లేకపోయింది. నేను తలూపాను. బూడిద గొయ్యి, వలయం, తండ్రి పిలిచినా పలకకపోవడం, ఆ పిల్ల వరసగా చెబుతుంటే పోర్టరు కటకటాలకు తల ఆనించి వింటున్నాడు.

ఆ సాయంత్రం ఆయన్ని వదిలారు. నాకు పడాల్సిన దెబ్బలు పడ్డాయి. వాటి సంగతి చెప్పుకోవలసినంత లేదు. నౌకరీ ఊడకుండా స్టేషన్ మాస్టరు తన రిపోర్టులో చేయగలిగింది చేశాడు. కానీ టోకెన్‌ను పరాయి చేతికి ఇవ్వడం పెద్ద నేరం. పోర్టరు పని తీసేసి, పట్టాలు మరమ్మతు చేసే గ్యాంగులో వేశారు. నడివేసవిలో బ్రాంచి లైను మీద కంకర ఎత్తే పని. గుండీలు మెరిసే ఖాకీ చొక్కా ఇక లేదు.

వారం తర్వాత ఒక్కణ్ణే తండాకు వెళ్లాను. ఆయన గడపలో కూర్చుని అరచేతుల బొబ్బలకు నూనె రాసుకుంటున్నాడు.

"నా పేరెందుకు చెప్పలే కాకా?"

"చెప్తే నిన్ను కొడ్తుండ్రి. నేను ఓర్సుకుంట, నువ్వు ఓర్వవు. ఇచ్చింది గూడ నేనే గద."

"తప్పయింది" అన్నాను. ఆయన నూనె గిన్నె పక్కన పెట్టాడు. తర్వాత చేతులు చూసుకుంటూ అన్నాడు. "నౌకరి గురించి కాదు. నా బిడ్డ నేను ఏడుస్తుంటె సూసుకుంట కూసున్నది. గది నాకు తెల్లందాక నిద్ర పట్టనిస్తలేదు."

ఏం చేయమంటావని అడిగాను.

"సదువు చెప్పు. గీ తండ పోరలందరికీ చెప్పు. కని నీ మాట ఎప్పుడు ఇనొద్దో ముందుగాల చెప్పు."

మరునాటి నుంచి రోజూ పట్టాలు దాటి వెళ్లాను. మొదటి రోజు ఇంకే పాఠమూ చెప్పలేదు. ఇంట్లో చెప్పొద్దని నేనేదైనా అంటే, ఆ మాటే మొట్టమొదట ఇంటికి పోయి చెప్పాలన్నాను. పిల్లలందరి చేతా ఒక్కొక్కరుగా అనిపించాను. ఆ తర్వాత టీచరునై మొగుళ్లపల్లిలో, గంగారంలో పనిచేసిన ఇన్నేళ్లూ ప్రతి ఏడాదీ బడి తెరిచిన రోజు ఆ మాటతోనే మొదలుపెట్టాను. ఎందుకో ఏ పిల్లాడికీ చెప్పలేదు.

ఆ మొదటి రోజు తండాలో రాణి ఒక్కతే ఆ మాట అనలేదు. అందరికంటే వెనక, దూరంగా కూర్చుంది. పాఠం అయిపోగానే లేచి ఇంట్లోకి వెళ్లి, నేను చెప్పిందంతా వాళ్ల భాషలో తండ్రికి అప్పజెప్పింది. మరునాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. గ్యాంగు పని నుంచి వచ్చి ఆయన కాళ్లు చాపుకుని వినేవాడు. మధ్యలో ఏదో అడిగేవాడు, ఆ పిల్ల మళ్లీ చెప్పేది. బడులు తెరిచాక కూడా ఆదివారాలు మానకుండా వెళ్లాను. పాఠం చెప్పి, గడప బయట నిలబడి, లోపల ఆ పిల్ల చెప్పడం అయిపోయి ఆయన "సరే, ఇగ పో" అనేదాకా కదిలేవాణ్ణి కాదు.